చిన్నమ్మ ఇంటికి బీగం పడిన రోజు

మా చిన్నమ్మ పోయిందన్న కబురు నాకు బస్సు కండక్టరు తెచ్చిచ్చాడు. చిత్తూరులో మా బడి ముందు బస్సు ఆపి, "టీచరమ్మా, తిరుపతి నుంచి చీటీ" అని మడత పెట్టిన కాగితం నా చేతిలో పెట్టి, విజిల్ ఊదుకుంటూ వెళ్ళిపోయాడు. రాసింది చిన్నాయన. రెండే వాక్యాలు. "మీ చిన్నమ్మ ఈ పొద్దున పోయింది. నువ్వు వస్తే వచ్చినోళ్ళకు వంట సంగతి చూడాల." మొదటి వాక్యానికి వచ్చిన ఏడుపు రెండో వాక్యానికి ఆగిపోయింది. ఒళ్ళు మండింది. ఆ మంటతోనే బస్సెక్కాను, ఆ మంటతోనే ఇది రాస్తున్నాను. చదివేవాళ్ళు ఏమీ అనుకోవద్దు.

నేను పోయేసరికి ఆమెను నడవలో పడుకోబెట్టి ఉన్నారు. వంటింట్లో పెద్దగిన్నెలో ఎసరు చల్లారిపోయి ఉంది. పక్కనే కడిగిన బియ్యం. ఎసట్లో బియ్యం పోయబోతూ గుండె పట్టుకొని, గోడకానుకొని కూర్చుందట. మళ్ళీ లేవలేదు. ఆ ఎసరు ఎవరికోసమంటారా? మా పెద్దమామ కొడుకు, కోడలు, వాళ్ళ ఇద్దరు పిల్లల కోసం. పెద్దమామ అంటే మా అమ్మకూ చిన్నమ్మకూ అన్న. ఆయన కొడుకు సంసారం ముందురోజు చిన్నమ్మ ఇంట్లో దిగి, తిని, పడుకొని, తెల్లవారుజాము బస్సుకు కొండెక్కింది. మధ్యాహ్నం దిగి వచ్చేసరికి అన్నం సిద్ధంగా ఉండాలి కదా.

పక్కింటాయన పాపం కొండకు పోయి, క్యూలో వాళ్ళను వెదికి పట్టుకొని కబురు చెప్పాడు. విన్నారు. విని, గుండ్లు గీయించుకొని, దర్శనం చేసుకొని, లడ్లు తీసుకొని, సాయంత్రానికి దిగారు. "అదేమప్పా, చావు కబురు తెలిసినాక గుడిలోకి ఎట్లా పోయినారు?" అని నేను అడిగితే, మామ కొడుకు ఏ తడబాటూ లేకుండా చెప్పాడు: "పెండ్లై ఇంకో ఇంటికి పోయిన మేనత్తే కదా. మాకు అంత అంటు రాదంట. పైన అయ్యవారిని అడిగే పోయినాం." వాళ్ళు నాలుగు గుండ్లతో వీధిలోకి రావడం చూసి ఎదురింటి ముసలమ్మ కళ్ళు ఒత్తుకుంది. "ఎంత అభిమానమో సూడండమ్మా, అప్పుడే గుండ్లు కొట్టించుకొన్నారు" అంది. 

పదకొండో రోజు కర్మ అయింది. విస్తళ్ళు వేశారు. పెద్దమామకు ఇప్పుడు అరవై దాటాయి, గొంతు మాత్రం తగ్గలేదు. పప్పులో నెయ్యి పోసుకుంటూ పంక్తి మొత్తానికీ వినపడేట్టు అన్నాడు: "మా చెల్లెలు మహాతల్లి. కాదనను. ఎన్ని వేలమందికి వండి పెట్టిందో. కానీ ఆ ఒక్క పొద్దు ఇంటికి బీగమేసి ఎవురితో పోయిందో, ఆ సంగతి మాత్రం ఎవురికీ చెప్పకుండానే పాయె." పంక్తిలో నలుగురు నవ్వారు. ఒకాయన "ఆ, ఆ బీగం కత!" అని ఇంకో గరిటె సాంబారు పోయించుకున్నాడు.

చచ్చిపోయిన పదకొండో రోజున, ఆమె ఇంట్లోనే, ఆమె అన్నే అన్న మాట ఇది. ఆమె ఎవరితోనూ పోలేదని ఆ పంక్తిలో ఒక మనిషికి తెలుసు. ఆ మనిషిని నేను. నోట్లో ముద్ద పెట్టుకొని తల వంచుకొని తిన్నాను. పన్నెండేళ్ళ కిందట కూడా నేను చేసింది అదే. అందుకే ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. పెద్దమామ పత్రికలు చదువుతాడు. చదవనీ.

తిరుపతిలో కాపురముండేవాళ్ళ కష్టం తిరుపతిలో కాపురముండేవాళ్ళకే తెలుసు. కొండకొచ్చే చుట్టానికి రెండు నమ్మకాలు: పైన స్వామి ఎప్పుడూ ఉంటాడు, కింద మనవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. స్వామి దగ్గరికి పోవడానికైనా ఏ వేళకు పోతే సులువో నలుగురినీ విచారిస్తారు. చిన్నమ్మ ఇంటికి ఒక కార్డు ముక్క రాసిన పాపాన ఎవరూ పోలేదు. "తిరుపతి చుట్టానికి ఉత్తరమేంది? వాళ్ళు యాడికి పోతారు?" అనేవాళ్ళు. చిన్నాయనకు బజారులో పసుపు, కుంకుమ, దారాల కొట్టు. ఆయన పొద్దున పోతే రాత్రికి వచ్చేవాడు. పిల్లలు లేరు. దానికీ చుట్టాల దగ్గర ఒక మాట ఉండేది: "నీకేముండాదిమ్మా, మేమొస్తేనే కదా నీ ఇంట్లో సందడి!" సందడి చేసి, ఎంగిలి విస్తళ్ళు ఆమెకు వదిలి, బస్సెక్కి పోయేవాళ్ళు.

ఎవరొచ్చినా ఆమె "ఎప్పుడొచ్చినారు, ఎందుకొచ్చినారు" అని అడగగా నేను వినలేదు. వంటింట్లోంచి తల బయటికి పెట్టి గడప ముందు చెప్పుల జతలు చూసేది. ఎన్ని జతలుంటే అన్ని గుప్పెళ్ళు బియ్యం, పైన ఇంకో రెండు. చంటిపిల్లలకు చెప్పులుండవు కదా, అందుకు ఆ రెండు. తర్వాత ఒకటే ప్రశ్న: "తలకు నీళ్ళా, కడుపుకు అన్నమా, ఏది ముందు?" కొత్తగా గీసిన గుండ్లు మండుతాయని పెరట్లో సానమీద గంధం తీసి గిన్నెలో సిద్ధంగా పెట్టేది. పసిపిల్లల గుండ్లకు తనే రాసేది. మా వంశంలో ఆమె చేతి గంధం తలకు తగలని వాడు లేడు. పోయేటప్పుడు వాళ్ళు మూటలోంచి ఒక విరిగిన లడ్డు తీసి, "నువ్వు రోజూ తినేదే కదా" అంటూ ఆమె చేతిలో పెట్టేవాళ్ళు.

కొండకు ఆమె ఎన్ని వందలసార్లు పోయిందో. ఒక్కసారీ తనకోసం పోలేదు. ఎవరి బిడ్డనో చంకనేసుకొని, ఎవరి అత్తగారి చెయ్యో పట్టుకొని పోయేది. "స్వామి ముందరికి రాగానే ఆ బిడ్డి ఏడుస్తాది. దాన్ని సముదాయించే లోపల బయటికి నూకేస్తారు. స్వామి నన్ను సూసుంటాడేమో గానీ నేను స్వామిని సరిగ్గా సూసింది ల్యా" అనేది, నవ్వుతూనే. ఒకరోజు బాగా అలసిపోయి కూర్చుని అంది: "దేవునికన్నా తలుపులేసే వేళ ఒకటుండాది మే. నాకు అది గూడా లేదు." నేను అప్పుడు చదువుకునే పిల్లను. మాట బాగుందని నవ్వాను.

నేను అక్కడ ఎందుకున్నానో చెప్పాలి. మా నాయన చిన్నప్పుడే పోయాడు. ఇంట్లో దేనికైనా పెద్దమామ మాటే మాట. నాకు డిగ్రీ చదువు వద్దన్నాడు. "ఆడపిల్లను హాస్టల్లో పెడితే రేపు ఎవుడు చేసుకుంటాడు?" అన్నాడు. అన్న ముందు ఎప్పుడూ గొంతెత్తని చిన్నమ్మ ఆ రోజు ఎత్తింది. "హాస్టలెందుకన్నా? నా ఇంట్లో ఉంటాది. నా కళ్ళ ముందర ఉంటాది. ఏమన్నా అయితే నన్నడుగు" అంది. ఆ పూచీ మీద నేను చదువుకున్నాను. ఈ రోజు ఈ ఉద్యోగం, ఈ నాలుగు వాక్యాలు రాసే తెలివి, ఆ పూచీ పెట్టిన భిక్ష.

రెండో ఏడాది మా కాలేజీ వాళ్ళు మహాబలిపురం తీసుకుపోయారు. చరిత్ర చెప్పే మేడం రథాలు, గుహలు, రాతి ఏనుగు చూపించింది. మేము ఎక్కువసేపు సముద్రంలోనే ఉన్నాం. తిరిగొచ్చాక చిన్నమ్మ నా తలలో ఇసక దువ్వుతూ అడిగింది.

"సముద్రం ఎట్లుంటాది మే?"

"పెద్దగా ఉంటాది చిన్నమ్మా."

"ఎంత పెద్దగా?"

"అబ్బ! చెప్తే నీకు అర్థం కాదులే. చూస్తేనే తెలుస్తాది."

"అట్లనా" అని దువ్వుకుంటూ పోయింది. ఆ తర్వాత ఒక నెలపాటు అప్పుడొకటీ అప్పుడొకటీ అడిగేది. బస్సు ఎన్ని గంటలకు? ఎంతసేపు పడతాది? ఆడ తినేదానికి ఏమన్నా దొరుకుతాదా? మాపటికి తిరిగి రావచ్చునా? తెల్లవారి అయిదుకు తిరుపతి నుంచే నేరుగా బస్సుంది, పది గంటలకు అక్కడ దించుతుంది, మూడింటికి తిరుగు బస్సుంది అని చెప్పాను. ఊరికే అడుగుతోందనుకున్నాను.

ఒక సోమవారం సాయంత్రం చెప్పింది. చిన్నాయన సరుకు కోసం మదరాసు పోయాడు, బుధవారానికి గానీ రాడు. "రేపు నేను పోయొస్తా మే, మహాబలిపురం. పొద్దున పోయి మాపటికి వచ్చేస్తా. నువ్వు మధ్యాన్నం నీ స్నేహితురాలింట్లో తిను."

"ఎవరితో చిన్నమ్మా?"

"ఎవురితో ఏంది? నేనే."

నేను నోరెళ్ళబెట్టాను. ఆమె దానికి ఎంత ఆలోచించిందో అప్పుడు చెప్పింది. మరునాడు మంగళవారం, అందులోనూ అమావాస్య. ఆ రోజు మన జిల్లాలో ఏ సంసారీ గడప దాటి ప్రయాణం కట్టడు. కాబట్టి చుట్టాలెవరూ రారు. మనవాళ్ళు పెళ్ళికి ముహూర్తం పెట్టినట్టు, ఎవరికీ ముహూర్తం కాని రోజును వెదికి పట్టుకుంది. "మనోళ్ళకు చెడ్డరోజైతేనే నాకు మంచిరోజు" అని నవ్వింది. "ఎవురన్నా అడిగితే సముద్రం సూసేదానికి పోయింది, మాపటికొస్తాదని చెప్పు. దాచి పెట్టేదానికి ఏముండాది ఇందులో?" అంది.

ఎంత తెలివైన మనిషి ఎంత చిన్న లెక్క తప్పిందో! అమావాస్య మంగళవారం ఎవరూ ఇంట్లోంచి బయల్దేరరు, నిజమే. సోమవారం బయల్దేరినవాళ్ళు మంగళవారమే కదా కొండ దిగుతారు. అది ఆమెకు తట్టలేదు. నాకూ తట్టలేదు.

మంగళవారం పన్నెండు గంటలకు కాలేజీ గేటు దగ్గర పెద్దమామ నిలబడి ఉన్నాడు. నున్నటి గుండు, భుజాన సంచి, ఎండకు ఎర్రబడిన మొహం. సోమవారమే కొండెక్కారట. ఆయన, అత్త, వాళ్ళ పిల్లలు, అత్త తల్లి, మా అమ్మ, అందరూ కలిసి తొమ్మిది మంది.

"ఇంటికి బీగమేసుండాది. మీ చిన్నమ్మ యాడికి పోయింది పాపా?"

ఆ ప్రశ్నకు జవాబు నా నాలుక చివర ఉంది. ఆమె చెప్పమనే చెప్పింది. కానీ మామ కళ్ళు నా చేతిలోని పుస్తకాల మీద పడ్డాయి. నాకు ఒక్క క్షణంలో అంతా కనపడింది: ఈ సముద్రం సంగతి దానికెవరు చెప్పారు? కాలేజీ పిల్ల. కాలేజీ ఏం నేర్పింది? ఒంటరిగా ఊర్లు తిరగడం. ఇంక చదివింది చాలు, పద ఇంటికి. అంత దూరం ఆలోచించాను, ఆ వయసులోనే.

"నాకు తెలీదు మామా" అన్నాను.

తొమ్మిది మందీ ఇంటి ముందు తిన్నె మీద కూర్చున్నారు. ఆకలి. నాలుగడుగులు వేస్తే హోటళ్ళు. పిల్లలు ఏడుస్తుంటే అత్త మెల్లగా ఆ మాట ఎత్తింది. మామ ఇంతెత్తున లేచాడు. "తిరుపతిలో చెల్లెల్ని పెట్టుకొని హోటల్లో తింటే నలుగురూ ఏమనుకొంటారు?" అన్నాడు. పరువు కోసం పస్తున్నారు. ఆ పస్తు కూడా తర్వాత చిన్నమ్మ ఖాతాలోనే పడింది. పక్కింటామె జాలిపడి మజ్జిగ తెచ్చిచ్చింది. ఇస్తూ, పాపం మంచికే, "తెల్లారకముందే మంచిచీర కట్టుకొని బస్టాండు తట్టు పోయిందే" అంది.

మంచిచీర అన్న మాటకు మామ గ్లాసు కింద పెట్టేశాడు. అత్త, వాళ్ళమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొగుడు ఊళ్ళో లేడు. అమావాస్య మంగళవారం. మంచిచీర. అక్కడి నుంచి ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు. అనకపోవడమే అన్నిటికంటే ఘోరంగా ఉండింది.

మా అమ్మ ఆలోచన ఇంకో దారిన పోయింది. పిల్లల్లేని దిగులు తన చెల్లెల్ని ఎక్కడికి తోసిందోనని ఏడుపు మొదలుపెట్టింది. "అన్నా, బావిలో సూడండన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా" అంది. ఇళ్ళ వెనక ఉమ్మడి బావి ఒకటుండేది. ఇద్దరు మగవాళ్ళు కడవలు తీసే కొక్కేన్ని తాడుకు కట్టి బావిలోకి వదిలి కెలికారు. నేను గట్టు పక్కనే నిలబడ్డాను. కొక్కెం ఏదో పట్టుకుంది. అమ్మ కెవ్వుమంది. పైకి లాగితే తుప్పు పట్టిన బొక్కెన. అమ్మ మళ్ళీ ఏడ్చింది, ఈసారి ఆనందంతో. నేను అప్పుడైనా చెప్పొచ్చు. ఒక్క మాట. "సముద్రం చూడ్డానికి పోయిందమ్మా." చెప్పలేదు. ఇంతసేపు ఎందుకు చెప్పలేదని అడుగుతారని ఇంకా భయమేసింది. అబద్ధం ముదిరేకొద్దీ వదలడం కష్టం. నా ప్రాణానికి నా చదువే ఎక్కువైంది.

దీపాలు పెట్టిన ఒక గంటకు ఆమె వచ్చింది. వీధి మొగదల నుంచి నేనే ముందు చూశాను. జుట్టు రేగిపోయి ఉంది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఆరి, ఉప్పు చారలు కట్టి ఉన్నాయి. మొహం నల్లబడింది. కానీ ఆ నడక! ఏ మూటా లేకుండా, ఏ బిడ్డా చంకలో లేకుండా, చేతులు ఊపుకుంటూ వస్తోంది. నేను ఆమెను చేతులూపుకుంటూ నడవగా అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. తిన్నె మీద గుండ్లు కనపడ్డాయి. చేతులు ఆగిపోయాయి.

"ఎంతసేపైందన్నా వచ్చి?" అంది. అదే ఆమె మొదటి మాట. బీగం తీసింది. కాళ్ళు కడుక్కుని, ఆ ఉప్పుచీరతోనే పొయ్యి ముట్టించి ఎసరు పెట్టింది. పెద్దమామ వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు.

"యాడికి పోయినావు?"

"మహాబలిపురమన్నా. సముద్రం సూసొచ్చినా."

"ఎవురితో?"

"నేనొక్కదాన్నే."

"మొగుడు ఊర్లో లేనప్పుడు, అమావాస్య నాడు, మంచిచీర కట్టుకొని, ఒక్కదానివే సముద్రం సూసేదానికి పోయినావు! నన్ను నమ్మమంటావా? ఎవురికి చెప్పి పోయినావు మే?"

చిన్నమ్మ తల తిప్పి నన్ను చూసింది. నేను ఎదురుగానే ఉన్న ఉప్పుడబ్బా కోసం వెదుకుతున్నట్టు నటించాను. నేను మామకు చెప్పలేదని అర్థం కావడానికి ఆమెకు ఎంతసేపు పట్టిందో. ఎక్కువ పట్టలేదు.

"ఎవురికీ చెప్పలా అన్నా" అంది.

నా చదువు నిలబడింది. ఆ రాత్రి అందరూ కడుపునిండా తిన్నారు. పిల్లల గుండ్లకు ఆమె గంధం రాసింది. తెల్లారి పోతూ పెద్దమామ తలుపుకున్న బీగం, తాళంచెవితో సహా తీసి తన సంచిలో వేసుకున్నాడు. "ఈ ఇంటికి బీగమెందుకు?" అన్నాడు. మదరాసు నుంచి చిన్నాయన వచ్చాక అంతా విని, "చెప్పి పోవచ్చు కదా" అన్నాడు, అంతే. కొత్త బీగం మాత్రం కొనలేదు. అప్పట్నుంచి సరుకుకు పోయేటప్పుడు ఎవరో ఒక చుట్టాన్ని ఇంట్లో పెట్టి పోయేవాడు.

ఆ రోజు ఏం చూసిందో నాకు ఏడాది తర్వాత గానీ చెప్పలేదు. పరీక్షలు రాసి నేను ఇంటికి పోయే ముందురోజు, చింతపండు గింజలు తీస్తూ, నేను అడగకుండానే మొదలుపెట్టింది. కండక్టరు అరవాయన. "ఎత్తనిపేరు?" అని, ఎంతమందని అడిగాడట. ఒక్కరే అంటే వెనక్కి తిరిగి చూశాడట, మిగతావాళ్ళు ఎక్కడున్నారా అని. కిటికీ పక్కన కూర్చుంది. "నా ఒళ్ళో ఎవురూ ల్యా మే. రెండు చేతులూ ఖాళీ. యాడ పెట్టుకోవాల్నో తెలీలేదు" అంది. దిగి మొదట హోటలుకు పోయింది. ఇడ్లీ వేసి, వడ్డించే పిల్లోడు "ఇంకా రెండు ఏస్తునా అమ్మా?" అని అడిగాడట.  గింజ తీసిన చింతపండును మళ్ళీ మళ్ళీ విప్పి చూసింది.

"నన్ను అట్లా ఎవురడిగినారు మే?"

రాతి దేవుళ్ళనందరినీ చూసింది. ఒక్కరికీ దణ్ణం పెట్టలేదట. "ఆడుండే సాములకు పూజలు ల్యా, నైవేద్యాలు ల్యా. మొక్కేవాళ్ళు లేరు, అడిగేవాళ్ళు లేరు. గమ్మున గాలికి నిలబడుండారు. బాగుండారు. నేను గూడా ఏమీ అడగలా." తర్వాత మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడింది. ఎంతసేపో తెలీదట. బస్సు వేళ అయిందని బెలూన్లమ్మే ఆమె చెప్తే గానీ ఒడ్డుకు రాలేదట. "నువ్వు చెప్పింది నిజమే మే. అది చెప్తే అర్థమయ్యేది కాదు" అంది. ఆ రోజు నేను చేసిన పని గురించి ఒక్క మాట కూడా అనలేదు. అనకపోతే మరిచిపోయిందనుకున్నాను. అలా అనుకోవడం నాకు సులువు.

చుట్టాలు మాత్రం మరిచిపోలేదు. పన్నెండేళ్ళు! గడపలో కాలు పెడుతూనే, "ఏమ్మా, ఈ పొద్దు ఇంట్లోనే ఉండావే!" అని ఒకరు, "మేము పోయేదాకా సముద్రం తట్టు పోబాకమ్మా తల్లీ!" అని ఇంకొకరు. ఆ మాటల వెనక ఉన్న ఇంకో మాట అందరికీ తెలుసు. ఆమె నవ్వి చెప్పుల జతలు చూసుకుని లోపలికి పోయేది. ఆ నవ్వే వాళ్ళలో నేనూ ఉన్నాను. వేలసార్లు తిన్నవాళ్ళకు తిన్న పూట ఒక్కటీ గుర్తు లేదు. తినని ఒక్క పూట గుర్తుంది.

మూడు నెలల కిందట ఏదో ట్రైనింగని తిరుపతి పోయి ఆమె ఇంట్లో రెండు రోజులున్నాను. అప్పుడు కూడా చుట్టాలున్నారు, కడప తట్టువాళ్ళు. సాయంత్రం పెరట్లో ఇద్దరమే ఉన్నప్పుడు చూశాను, గంధపుచెక్క చేతిలోంచి జారిపోతోంది. ఎన్నేళ్ళ నుంచో నాలో ఉన్న మాట అప్పుడు బయటికొచ్చింది.

"ఎండాకాలం సెలవుల్లో మనిద్దరం మహాబలిపురం పోదాం చిన్నమ్మా. నేను తీసుకపోతా."

"వద్దు మే."

"ఏం?"

"నీతో వద్దు."

కోపం లేదు గొంతులో. గంధం తీస్తూనే ఉంది. నా మొహం చూసిందో ఏమో, మళ్ళీ అంది: "నువ్వు పక్కన ఉంటే నువ్వు తిన్నావా, నీకు ఎండ తగిలిందా అని సూసుకుంటా ఉంటా. ఇంక సముద్రం యాడ సూసేది?"

"అంతేనా చిన్నమ్మా?"

"అంతే కాదులే."

సాన మీద నాలుగు చుక్కలు నీళ్ళు చల్లుకుంది. "బావిలో కొక్కెమేసి కెలికినారంట కదా. నువ్వు గట్టు మీదనే నిలబడి ఉండినావంట. పక్కింటామె ఆ మరునాడే చెప్పింది. అడగాలనుకొన్నా. అడిగితే నువ్వు ఏడుస్తావని అడగలా."

తప్పైపోయింది అన్నాను. ఏడ్చాను కూడా. ఆమె "ఊఁ" అంది. క్షమించానని అనలేదు. అబద్ధం ఎందుకు రాయాలి, అనలేదు. గిన్నె చేతికిచ్చి, "ఆ కడపోళ్ళ బిడ్డి తలకు రాసిరా పో" అంది. జన్మంతా ఎవరికీ వద్దు అని చెప్పని మనిషి. చెప్పింది నాకే.

మరునాడు తెల్లవారి బస్సుకు నేను బయల్దేరాను. వద్దంటే వినకుండా బస్టాండు దాకా వచ్చింది. నన్ను చిత్తూరు బస్సులో కూర్చోబెట్టి, ఇడ్లీ పొట్లం కిటికీలోంచి ఇచ్చి, "పోయి రా మే" అని వెనక్కి తిరిగింది. మా బస్సుకు ఇంకా టైముంది. నాలుగు బస్సుల అవతల అరవ బస్సు ఒకటి ఇంజను ఆన్ చేసుకుని నిలబడి ఉంది. కండక్టరు కింద నిలబడి కాంచీపురం, చెంగల్‌పట్టు, మహాబలిపురం అని అరుస్తున్నాడు. చిన్నమ్మ ఇంటి దారి పట్టలేదు. ఆ బస్సు దగ్గరికి పోయి నిలబడింది. కండక్టరు ఏదో అడిగాడు, ఎక్కుతావా అని కాబోలు. ఆమె చేయి ఎత్తి తలుపు పక్కనున్న కమ్మీ పట్టుకుంది.

ఎక్కలేదు. ఎక్కి ఉంటే ఈపాటికి జిల్లా అంతా తెలిసి ఉండేది. ఇంట్లో కడప చుట్టాలు నిద్ర లేచే వేళైంది. కండక్టరు విజిల్ వేశాడు. బస్సు కదిలింది. ఆమె కమ్మీ వదల్లేదు. కమ్మీ పట్టుకుని నాలుగడుగులు బస్సుతోపాటు నడిచింది, అయిదో అడుగు కొంచెం పరిగెత్తింది కూడా, ఆ తర్వాత వదిలేసింది.